కేబీఆర్ జాతీయ వనానికి అమ్మను తీసుకువెళ్లాలని ఉంది: అది నిజంగా అడవేనా?

మానేరు తీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము కరీంనగర్‌లో ఉంటాము. మా అమ్మకు కంటి పరీక్ష ఉన్నందున సెప్టెంబరు మూడో వారంలో మూడు రోజుల కోసం హైదరాబాదు వస్తున్నాము. ఆ మూడు రోజులలో ఏదో ఒక పూట అమ్మను, మా అబ్బాయిని ఆ నగరంలోని కేబీఆర్ (కాసు బ్రహ్మానందరెడ్డి) జాతీయ వనానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను.

అమ్మకు 68 ఏళ్లు. ఆమె పుట్టి పెరిగినది మహాదేవపూర్ అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరు. ఎండాకాలంలో తునికాకు కోతకు వెళ్లిన రోజులు, మోదుగాకులు తెచ్చి విస్తళ్లు కుట్టిన మధ్యాహ్నాలు, మొర్రి పండ్ల కోసం అక్కచెల్లెళ్లతో పడిన తగాదాలు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతుంది. ఊరు విడిచి వచ్చాక, గత ఇరవై ఏళ్లలో ఆమె అడవిలో అడుగు పెట్టలేదు. అంత దూరం ప్రయాణం ఇప్పుడు ఆమె వల్ల కాదు. మా అబ్బాయికి పదేళ్లు. నానమ్మ చెప్పే అడవి ఎలా ఉంటుందో చూపించమని వాడు చాలాకాలంగా అడుగుతున్నాడు.

నన్ను సందేహంలో పడవేసినది మా బంధువు ఒకరు అన్న మాట. అది అడవి కాదని, డబ్బున్నవాళ్లు పొద్దున్నే నడిచే పార్కు మాత్రమేనని, అడవిలో పెరిగిన మనిషిని అక్కడికి తీసుకువెళ్లి నిరాశపరచవద్దని ఆయన అన్నారు. ఇది నిజమా? అమ్మకు మోకాళ్ల నొప్పి ఉంది, అయినా మధ్యమధ్య కూర్చుంటూ గంటసేపు నెమ్మదిగా నడవగలదు. లోపలి దారి ఆమెకు అనువుగా ఉంటుందా? పాముల భయం ఏమైనా ఉందా? మా అబ్బాయి నెమలి పురి విప్పి ఆడటం చూడాలని పట్టుబడుతున్నాడు. సెప్టెంబరులో అది సాధ్యమేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఉదయపు నడక

నమస్కారమండీ. నేను పదకొండేళ్లుగా ఆ వనంలో నడుస్తున్నాను కనుక దారి గురించి, వేళల గురించి చెప్పగలను. చెట్ల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు, వారు చెబుతారు.

ముందుగా ఒక విన్నపం. కంటి పరీక్ష ఉన్న రోజున మాత్రం వెళ్లవద్దు. కంటిపాప పెద్దదవడానికి చుక్కల మందు వేస్తే కొన్ని గంటల పాటు వెలుగును భరించలేరు, దగ్గరి వస్తువులు మసకగా కనబడతాయి. ఆకులను, కొమ్మలను చూసి గుర్తుపట్టాలన్న ఆశతో వస్తున్న అమ్మగారికి ఆ పూట వృథా అవుతుంది. మరునాడు ఉదయం పెట్టుకోండి.

మీరు బస్సులో జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగుతారు కాబట్టి ఇంకొక సంగతి. జూబ్లీ బస్ స్టేషన్ ఉన్నది సికింద్రాబాదులో. వనం దగ్గరి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నగరానికి పడమటి వైపున ఉంది. పేర్లు కలిసినందువల్ల కొత్తవారు రెండూ దగ్గర దగ్గరే అనుకుంటారు. మెట్రోలో వచ్చేటట్లయితే పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో రాయదుర్గం వైపు వెళ్లే రైలు ఎక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగండి. అక్కడి నుంచి ప్రధాన ద్వారం వరకు నడవడం అమ్మగారికి కష్టం, ఆటో మాట్లాడుకోండి. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఎదురుగా ఉన్న గేటు అని చెబితే ఏ ఆటోవాలా అయినా తీసుకువెళతారు.

కంచె బయట, రోడ్డు వెంబడి ఐదు కిలోమీటర్లకు పైగా సాగే నడకదారి ఒకటి ఉంది. మీ బంధువు చూసినది బహుశా అదే అయి ఉంటుంది. అక్కడ ఒక చెవికి అడవి, మరో చెవికి వాహనాల హోరు వినబడుతుంది. మీరు దానితో సరిపెట్టుకోకుండా టికెట్ తీసుకొని లోపలికి వెళ్లండి. లోపలి దారి చాలావరకు మట్టిదారి, అక్కడక్కడ చిన్న ఎత్తుపల్లాలు ఉంటాయి. మొత్తం చుట్టి రావడానికి చురుకుగా నడిచేవారికే గంటకు పైగా పడుతుంది కాబట్టి ఆ ఆలోచన పెట్టుకోవద్దు. అరగంట లోపలికి నడిచి, వచ్చిన దారినే వెనుకకు తిరిగితే చాలు. వాన పడిన మరునాడు మట్టి జారుతుంది. అమ్మగారికి చెప్పుల కంటే పట్టున్న బూట్లు మేలు, ఊతకర్ర ఉంటే ఇంకా మేలు.

పాముల సంగతి అడిగారు. ఉన్నాయి. జెర్రిపోతులను నేను చాలాసార్లు చూశాను, రక్తపింజరను రెండుసార్లు చూశాను. మనిషి అలికిడి తెలియగానే అవి తప్పుకుంటాయి. దారి దిగి పొదల్లోకి వెళ్లకుండా, చూడకుండా రాళ్ల సందుల్లో చేయి పెట్టకుండా, కూర్చునే ముందు ఆ చోటును ఒకసారి పరికించి చూస్తే భయపడవలసినది ఏమీ లేదు. ఇన్నేళ్లలో దారి మీద నడిచేవారికి హాని జరగడం నా కళ్లతో చూడలేదు.

వనంలోకి తెల్లవారిన వెంటనే వెళ్లగలిగితే మంచిది. తెరిచే, మూసే వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, గేటు దగ్గరి బోర్డు చూసుకోండి. ప్లాస్టిక్ సంచులు, తినుబండారాలు తీసుకువెళ్లవద్దు. ఒక స్టీలు సీసాలో నీళ్లు చాలు.

పాత హెర్బేరియం

అయ్యా, నేను వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఒకప్పుడు ప్రతి సంవత్సరం విద్యార్థులను ఆ వనానికి తీసుకువెళ్లేవాడిని. మీ బంధువు అన్న మాట విని నాకు బాధ కలిగింది, ఎందుకంటే ఆ మాట చాలామంది నోట విన్నాను.

అది అడవే. నాటిన తోట కాదు. 1998లో జాతీయ వనంగా ప్రకటించిన ఆ సుమారు 142 హెక్టార్లు, అంటే 350 ఎకరాల నేల, ఒకప్పుడు ఈ గుట్టలన్నిటినీ కప్పి ఉంచిన దక్కన్ పొడి ఆకురాలు అడవిలో మిగిలిన ముక్క. చుట్టూ ఉన్న బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ కూడా ఇటువంటి పొదలు, బండరాళ్లతోనే ఉండేవి. అక్కడ 600కు పైగా మొక్కల జాతులు, 140 వరకు పక్షి జాతులు ఉన్నాయన్నది ఆ వనం గురించి సాధారణంగా చెప్పే లెక్క. నా విద్యార్థులు ఒక్క ఉదయంలో తొంభై మొక్కల పేర్లు రాసుకున్న రోజు ఉంది కనుక ఆ లెక్కను నేను నమ్ముతాను.

అయితే మహాదేవపూర్ అడవికీ దీనికీ తేడా ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న ఆ అడవిలో టేకు, మద్ది ఆకాశాన్ని అంటుతాయి. ఇక్కడ నేల పలుచన, అడుగున అంతా బండ. చెట్లు పొట్టిగా, గుబురుగా, ముళ్లతో ఉంటాయి. ఎత్తైన చెట్ల కోసం తల పైకెత్తి చూస్తే నిరాశ కలుగుతుంది. నడుము ఎత్తులో, మోకాలి ఎత్తులో చూడాలి. బలుసు, పరికి, రేగు, తంగేడు, వాకపొద వంటివి కనిపిస్తే అమ్మగారికి ఎవరూ పరిచయం చేయవలసిన పని ఉండదు. బతికుంటే బలుసాకు తిని బతకవచ్చునన్న సామెత ఎక్కడి నుంచి పుట్టిందో ఆ పొదను చూపించి మనవడికి ఆమే చెప్పగలరు. కరువులో మనుషులు నిజంగానే ఆ ఆకు వండుకొని తిన్నారు. ఇది పాఠ్యపుస్తకాలలో దొరికే విషయం కాదు.

సెప్టెంబరు ఈ అడవికి మంచి కాలం. ఏప్రిల్‌లో వస్తే సగం చెట్లు మోడులై ఉంటాయి, అడవి ఎండిపోయిందని కొత్తవారు జాలిపడతారు. నీరు లేని నెలలలో ఆకు రాల్చి తేమను కాపాడుకోవడం ఈ చెట్ల పద్ధతి. మోదుగ ఆకులన్నీ పోయాకే ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎర్రగా పూస్తుంది, రేల ఎండలు ముదిరాక పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. మీరు వచ్చే సమయానికి వానలకు తడిసి అంతా పచ్చగా ఉంటుంది, పొదల మధ్య సాలెగూళ్లు, ఆకుల మీద సీతాకోకచిలుకలు కనిపిస్తాయి.

దారిలో సీతాఫలం చెట్లు విరివిగా కనిపిస్తాయి. వాటిని చూసి ఇది మన అడవి చెట్టేనని అందరూ అంటారు. అది అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసువారి ద్వారా వచ్చి తెలంగాణ గుట్టలలో ఎంతగా కలిసిపోయిందంటే, ఇప్పుడు దానిని పరాయిది అనడానికి నాకే మనసు రాదు. లాంటానా అనే పొద విషయంలో మాత్రం నాకు ఆ మెత్తదనం లేదు. అదీ అక్కడి నుంచే వచ్చింది, కానీ తాను పెరిగిన చోట మరొక మొలకను లేవనివ్వదు.

మీ అబ్బాయికి శ్రీగంధం చెట్టు చూపించండి. దాని వేళ్లు నేల అడుగున పక్క చెట్ల వేళ్లను పట్టుకొని వాటి నుంచి నీటిని, పోషకాలను కొంత తీసుకుంటాయి. పదేళ్ల పిల్లవాడికి ఇంతకంటే మంచి కథ ఉండదు. ఆ చెట్టు పక్కన మరే చెట్టు ఉందో వాడినే వెతకమనండి.

హయత్‌నగర్ నుంచి

మీ అబ్బాయికి జంతువులను చూడాలన్న కోరిక ఎక్కువగా ఉంటే వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలిని కూడా ఆలోచించండి. ఒకప్పటి నిజాం వేటమైదానం అది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరాన్ని పురస్కరించుకొని 1975లో ఆ పేరు పెట్టారు. కృష్ణజింకలు పచ్చిక మీద మందలుగా తిరుగుతుంటాయి, నడవలేని పెద్దవారు వాహనంలో తిరిగి చూసే ఏర్పాటు ఉంది. మీరు రాజీవ్ రహదారి మీదుగా వస్తున్నారు కాబట్టి శామీర్‌పేటలోని జవహర్ జింకల పార్కు దారిలోనే తగులుతుంది. చెట్లను, పొదలను చూడాలంటే మాత్రం పైన పెద్దలు చెప్పినట్టు కేబీఆర్‌కే వెళ్లండి.

మానేరు తీరం

ఇంత ఓపికగా రాసినందుకు మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. అధ్యాపకులవారు రాసినది అమ్మకు చదివి వినిపించాను. పరికి పండ్ల పేరు వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. నడుము ఎత్తులో చూడమన్న మాట నాకు బాగా పనికివస్తుంది, ఎందుకంటే నేను కూడా పెద్ద చెట్ల కోసమే వెతికేవాడిని.

ఇంకో రెండు సందేహాలు. లోపల ఒక రాజభవనం ఉందని విన్నాను, దానిని చూడవచ్చా? నెమళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. కనీసం రాలిన ఈకనైనా ఇంటికి తెచ్చుకోవచ్చా అని మా అబ్బాయి అడుగుతున్నాడు.

నల్లబండ

భవనం పేరు చిరాన్ ప్యాలెస్. 1940లో కట్టారు. 1967లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మరణించాక వారసుడైన ఆయన మనవడు ముకర్రం జాకు అది చెందింది. ఆయన 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు, మక్కా మసీదులో ఖననం చేశారు. భవనం సందర్శకుల కోసం తెరిచినది కాదు, దాని కోసం దారి తప్పి వెళ్లవద్దు. వనానికి ఉన్న పేరు 1964 నుంచి 1971 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన కాసు బ్రహ్మానందరెడ్డిగారిది. రాజు కోసం కట్టిన భవనం అడవి మధ్యలో మూతపడి ఉంటే, ఆ అడవిలోకి మాత్రం టికెట్ కొన్న ప్రతి మనిషీ వెళ్లగలగడం నాకు ఎప్పుడూ సంతోషంగానే ఉంటుంది.

నేను అక్కడికి వెళ్లేది బండల కోసం. ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి వెళ్లినట్టు కనిపించే ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. భూమి లోపల గట్టిపడిన రాయి పైకి తేలి, పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు అరిగి, మెత్తబడిన భాగం వానలకు కొట్టుకుపోగా మిగిలినవి అవి. నా చిన్నతనంలో నగరంలో ఎక్కడ చూసినా ఉండేవి. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు బండలను పగలగొట్టకుండా వాటినే గోడలలో కలుపుకున్నారు. ఆ తరువాత కట్టినవారిలో ఎక్కువమంది మందుగుండు పెట్టి పేల్చారు. ఇప్పుడు బండ, దాని పగులులో మొలిచిన చెట్టు, వాటి కింద ఊరే నీరు కలిసి ఒక్కచోట మిగిలిన స్థలాలు నగరం నడిబొడ్డున చాలా తక్కువ. అందుకే 2016లో వనం చుట్టూ ఫ్లైఓవర్లు కట్టడానికి, చెట్లు తొలగించడానికి ప్రతిపాదన వచ్చినప్పుడు నడకకు వచ్చేవారు, విద్యార్థులు, ఆ వీధుల వారు ప్లకార్డులు పట్టుకొని కంచె వెంట నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. కంచె లోపల చెట్టు నరకకపోయినా, కంచెకు ఆనుకొని రాత్రంతా వెలుగు, హోరు ఉంటే రాత్రి తిరిగే ప్రాణులకు అడవి ఇంకా చిన్నదవుతుంది.

ఉదయపు నడక

నెమళ్ల సంగతి చెప్పకపోవడం నా పొరపాటు. అక్కడ నెమళ్లు చాలా ఉన్నాయి, ఉదయాన వెళితే అరుపు తప్పక వినబడుతుంది, కనబడే అవకాశం కూడా ఎక్కువే. అయితే అబ్బాయికి ముందే నిజం చెప్పి తీసుకురండి. మగ నెమలి పురి విప్పేది జతకట్టే కాలంలో, అంటే ముఖ్యంగా తొలకరి నుంచి వానలు సాగే రోజులలో. ఆ కాలం ముగియగానే పొడుగాటి ఈకలన్నీ రాలిపోతాయి, సెప్టెంబరులో చాలా మగ నెమళ్లు బోసిగా తిరుగుతుంటాయి. మెడ మీది నీలిరంగు చూసి మగది అని గుర్తుపట్టాలి. పురి చూడాలంటే వచ్చే జూన్, జూలై నెలలలో మళ్లీ రావాలి.

ఈక తేవడం కుదరదు. జాతీయ వనం నుంచి దేనినీ తీసుకువెళ్లకూడదన్నది నియమం. ఈక, గింజ, పువ్వు, రాయి అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ నియమం లేకపోతే ఒక్క వారంలో ఆ దారి పక్కన ఏమీ మిగలదు.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. పుణ్యం వస్తుందన్న నమ్మకంతో కొందరు నడకకు వస్తూ చీమలకు పిండి, నెమళ్లకు గింజలు చల్లుతుంటారు. వారి మనసు మంచిదే, నేను కాదనను. కానీ గింజలు చల్లిన చోటికి పావురాలు, ఎలుకలు చేరతాయి. పురుగులను, చిన్న పాములను, పండ్లను వెతుక్కొని తినవలసిన నెమలి కంచె పక్కన మనిషి చేతి కోసం కాచుకొని కూర్చుంటుంది. అమ్మగారికి ఇది చెప్పవలసిన అవసరం ఉండదు, అడవిలో పెరిగినవారికి తెలుసు. అబ్బాయికి మాత్రం చెప్పండి.

అలుగు, పునుగుపిల్లి, ఏదుపంది కూడా ఆ అడవిలో ఉన్నాయి. అవి రాత్రి తిరిగేవి కాబట్టి పదకొండేళ్లలో నాకు ఒక్కసారీ కనబడలేదు. ఒకసారి దారి పక్కన ఏదుపంది ముల్లు ఒకటి కనబడింది. అంతే.

మానేరు తీరం

వెళ్లి వచ్చాము. సలహాలు చెప్పిన అందరికీ జరిగినది చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

పరీక్ష మరునాడు తెల్లవారగానే గేటు దగ్గర ఉన్నాము. ముందు రోజు రాత్రి వాన పడింది, మట్టి తడిగా ఉంది. లోపలికి వెళ్లిన తరువాత మొదటి పది నిమిషాలు అమ్మ ఏమీ మాట్లాడలేదు. వెనుక రోడ్డు మీది హారన్లు వినబడుతూనే ఉన్నాయి, మా బంధువు చెప్పినదే నిజమైందేమోనని నాకు భయం వేసింది. దారి ఒక వంపు తిరిగాక ఆ హోరు తగ్గింది. అక్కడ ఆమె ఆగి, ఒక పొద దగ్గరకు వంగి, ఆకును తెంపకుండా రెండు వేళ్ల మధ్య రాసి చూసి, "ఇది బలుసురా" అంది. ఆ తరువాత ఇక ఆగలేదు. పరికి ముల్లు గుచ్చుకుంటే ఏ ఆకు పసరు రాసేవారో, కరువు వచ్చిన ఏడాది తన నాయనమ్మ బలుసాకును ఎలా ఉడికించేదో మా అబ్బాయికి చెప్పింది. ఆ కరువు మాట నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. తునికి చెట్టు ఒకటి కనిపించినప్పుడు దానిని చాలాసేపు చూసి, ఇంత పొట్టిగా ఉందేమిటని అడిగింది. అడుగున బండ ఉందని చెప్పాను. తల ఊపి, "అయినా బతికింది" అంది.

శ్రీగంధం చెట్టును మాకు నడకకు వచ్చిన ఒకరు చూపించారు. మా అబ్బాయి దాని చుట్టూ ఉన్న చెట్లను లెక్కపెట్టి ఏడు అని రాసుకున్నాడు. రెండు నెమళ్లు కనిపించాయి, మీరన్నట్టే మగదానికి పురి లేదు. ముందే చెప్పి ఉంచినందువల్ల వాడు నిరాశపడలేదు. జూన్‌లో మళ్లీ వద్దామని నా చేత మాట తీసుకున్నాడు. నడకకు గంట అనుకున్నది రెండు గంటలైంది. మూడుచోట్ల కూర్చున్నాము. సాయంత్రం అమ్మ మోకాళ్లు వాచాయి, అది నా తప్పే, లోపలికి అంత దూరం వెళ్లకుండా ఉండవలసింది.

తిరిగి వస్తుండగా గేటుకు కొంచెం ముందు తంగేడు పొద ఒకటి నిండుగా పూసి ఉంది. బతుకమ్మ పండుగ దగ్గరపడింది కదా, అమ్మ చేయి దానంతట అదే పువ్వు మీదికి వెళ్లింది. ఇక్కడ తెంపకూడదని మా అబ్బాయి గుర్తుచేశాడు. ఆమె చేయి వెనుకకు తీసుకొని, కరీంనగర్ వెళ్లాక గుట్ట మీద తెచ్చుకుందామని వాడితో చెప్పి, పొద పక్కన కాసేపు నిలబడి, నా చేయి పట్టుకొని గేటు దాటింది.